ఆయిల్లో రజను కనిపిస్తే ముందు ఫిల్టర్ కోసి చూడండి

ఇంజన్ ఆయిల్ మార్చడానికి డ్రెయిన్ బోల్ట్ విప్పగానే నల్లటి ధారలో ఎండ తగిలినచోట తళుకుతళుకుమంటుంది. బేసిన్‌లోకి దిగిన ఆయిల్‌ని పుల్లతో కలిపితే వెండిరంగు మెరుపు పాయలుపాయలుగా తిరుగుతుంది. అది చూసినవాళ్లు సాధారణంగా రెండు పనుల్లో ఒకటి చేస్తారు. కొత్త ఆయిల్ పోసేసి ఏమీ కానట్టు బండి నడుపుతారు, లేదంటే ఆ పూటే ఇంజన్ దించేస్తారు. మొదటిదానికి క్రాంక్ (పిస్టన్ల కదలికను తిప్పుడుగా మార్చే షాఫ్ట్) బలవుతుంది, రెండోదానికి జేబు. ఈ రెండింటికీ ముందు చేయాల్సిన పని ఒకటుంది, ఫిల్టర్‌లో ఆయిల్ కారడానికి ఒక రాత్రి పోను దానికి రెండు గంటలు చాలు. ఆ రజను, అంటే అరిగి రాలిన లోహపు పొడి, ఏ లోహం, ఏ ఆకారం, ఎంత ఉంది అని తేల్చుకోవడం. ఇంజన్‌లో ఒక్కో భాగం ఒక్కో లోహంతో చేస్తారు, ఒక్కోటి ఒక్కోరకంగా అరుగుతుంది. కాబట్టి రజనును సరిగ్గా చదివితే పానా పట్టుకునేముందే చాలావరకు చోటు తెలిసిపోతుంది.

అసలు ఆ మెరుపు ఇంజన్‌లోంచే వచ్చిందా అన్నది మొదటి ప్రశ్న. ఆయిల్ దించే బేసిన్‌లో నిన్నటి పని తాలూకు రజను ఉండిపోవడం తరచూ జరిగేదే. డ్రెయిన్ బోల్ట్ కింద ఉండే రాగి లేదా అల్యూమినియం వాషర్ నలిగి ఒకటి రెండు పెచ్చులు రాలవచ్చు. అల్యూమినియం ఆయిల్ చాంబర్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి)‌లో బోల్ట్ మర అతిగా బిగించి బిగించి పాడైతే, బోల్ట్ తిప్పిన ప్రతిసారీ సన్నటి తీగముక్కలు ఊడతాయి. మరలు పట్టేయకుండా ఎవరైనా యాంటీసీజ్ పేస్టు పూసి ఉంటే అందులో ఉండేదే రాగి పొడో అల్యూమినియం పొడో. దాని మెరుపు అచ్చం బేరింగు (క్రాంక్‌లాంటి తిరిగే షాఫ్ట్‌ను మోసే చిప్ప) రజనులాగే ఉంటుంది. కాబట్టి బోల్ట్ విప్పేముందే దాని చుట్టూ తుడవండి, బేసిన్ కడిగి తెల్లటి గుడ్డతో ఒత్తి తుడవండి. గుడ్డ మీద మెరుపు అంటితే మళ్లీ కడగాలి.

ఆయిల్ వేడిగా ఉన్నప్పుడే దించాలి. చల్లారితే బరువైన నలుసులు చాంబర్ అడుగునే కూర్చుండిపోతాయి. మొదట వచ్చే 200 మి.లీ. ఒక శుభ్రమైన గాజు సీసాలోకి పట్టి పక్కన పెట్టండి, అడుగున పేరుకున్నది ఎక్కువగా అందులోకే వస్తుంది. ల్యాబుకు పంపే నమూనా మాత్రం దాంట్లోంచి తీయకూడదు. ధార సగంలో ఉన్నప్పుడు వేరే సీసాలోకి పట్టాలి. మిగతా ఆయిల్‌ని పెయింట్ వడకట్టే సన్నటి జల్లెడలోంచి పోస్తే పెద్ద ముక్కలు పైన నిలుస్తాయి.

అసలు సాక్ష్యం ఉండేది ఫిల్టర్‌లో. దించిన ఆయిల్ ఆ రోజు తేలుతున్నదాన్ని చూపిస్తుంది. ఫిల్టర్ అయితే దాన్ని పెట్టిన రోజునుంచి పట్టుకున్నదంతా దాచి ఉంచుతుంది. డబ్బా ఫిల్టర్‌ని హాక్సాతో కోయకండి. రంపపు పొడి లోపల పడిందంటే ఇక ఏది ఇంజన్‌దో ఏది డబ్బాదో ఎవరూ చెప్పలేరు. చక్రం తిరుగుతూ రేకును ఒత్తి తెంపే ఫిల్టర్ కట్టర్ వాడాలి, దాంతో ఒక్క నలుసు కూడా రాలదు. డబ్బా లేని కాగితపు ఫిల్టర్ అయితే ఈ బాధే లేదు, కానీ అది కూర్చునే గూడు అడుగుభాగాన్ని వేలితో తడిమి చూడటం మర్చిపోవద్దు.

డబ్బాను తలకిందులుగా ఒక రాత్రంతా ఉంచి ఆయిల్ కారిపోనివ్వండి. కోశాక లోపలి కాగితపు మడతలను పదునైన చాకుతో పైనా కిందా అంచుల దగ్గర తెంపి, పొడుగాటి పట్టీలా బయటికి తీయండి. దాన్ని రెండు శుభ్రమైన గుడ్డల మధ్య పెట్టి బెంచ్ వైస్‌లో గట్టిగా ఒత్తితే మిగిలిన ఆయిల్‌ను గుడ్డ పీల్చుకుంటుంది. ఇప్పుడు ఎండలో పరచి, ఒక్కో మడతనూ విప్పుతూ, వంచి చూడండి. ఒక కోణంలో కనపడని పెచ్చు ఇంకో కోణంలో అద్దంలా తళుక్కుమంటుంది. మామూలు డబ్బా ఫిల్టర్‌లో ఆయిల్ బయటినుంచి మధ్యగొట్టం వైపు పోతుంది, కాబట్టి నలుసులన్నీ మడతల బయటి వైపే ఉండాలి. మధ్యగొట్టం లోపలా రజను కనిపిస్తే ఫిల్టర్‌ను తప్పించి ఆయిల్ పంపే బైపాస్ వాల్వ్ తెరుచుకుని వడకట్టని ఆయిల్ నేరుగా బేరింగుల్లోకి పోయిందని అర్థం. ఫిల్టర్ పూడుకుపోతే అలా తెరుచుకుంటుంది, చలిలో ఆయిల్ చిక్కబడినా తెరుచుకుంటుంది. ఇది కనిపించిన ఇంజన్‌ను తేలిగ్గా తీసుకోవడానికి లేదు.

చూడటం అయ్యాక ఆ కాగితాన్ని కిరోసిన్‌లో బాగా ఝాడించి, అడుగున మిగిలిన మడ్డిని తెల్లటి కాఫీ ఫిల్టర్ కాగితంలో వడపోయండి. దాని మీద బ్రేక్ క్లీనర్ కొడితే జిడ్డంతా పోయి పొడి రజను మిగులుతుంది. జిడ్డు పోకుండా చేసే ఏ పరీక్షా నమ్మదగ్గది కాదు, ఎందుకంటే ఆయిల్ జిగురుకే అన్నీ అయస్కాంతం వెంట నడుస్తాయి.

అయస్కాంతాన్ని ఎప్పుడూ కాగితం కిందనుంచే ఆడించాలి. నేరుగా రజనులో ముంచితే దాన్ని మళ్లీ ఊడదీయలేరు. కదిలినవి ఇనుమూ ఉక్కూ. కదలనివాటిలో వెండిరంగువి మిగిలితే అవి అల్యూమినియమో, బేరింగు పైపూతలో ఉండే సీసం, తగరమో అయ్యుండాలి. క్రోమ్ పూత పెచ్చులు కూడా అయస్కాంతానికి అంటవు, కానీ అవి గట్టిగా, పెళుసుగా ఉంటాయి. రాగి, ఇత్తడి, కంచు అయితే రంగే చెబుతుంది.

వెండిరంగు నలుసుల దగ్గరే చాలామంది పొరబడతారు. విడదీయడానికి రెండు పరీక్షలున్నాయి. ఒక గాజు గ్లాసులో 50 మి.లీ. నీళ్లు పోసి, అందులో 5 గ్రాముల కాస్టిక్ సోడా మెల్లగా కలపండి. సోడాను నీళ్లలోకి వేయాలి, నీళ్లను సోడా మీద పోయకూడదు. చేతికి గ్లవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి, గాలి ఆడేచోట చేయాలి, దగ్గర్లో మంట ఉండకూడదు. నాలుగు నలుసులు అందులో వేయండి. అల్యూమినియం అయితే చుట్టూ సన్నటి బుడగలు పుట్టి పైకి లేస్తాయి, నలుసు నల్లబడి క్రమంగా కరుగుతుంది. ఆ బుడగలు హైడ్రోజన్. ఉక్కు, రాగి అలాగే కూర్చుంటాయి. రెండోది సోల్డరింగ్ ఐరన్ పరీక్ష. సుమారు 350 డిగ్రీల సెల్సియస్‌కు కాగిన మొనను నలుసుకు తాకించండి. తగరం 232 డిగ్రీలకు, సీసం 327 డిగ్రీలకు కరుగుతాయి, కాబట్టి బేరింగు పూత అయితే ముత్యంలా ముద్దకడుతుంది. 660 డిగ్రీల దాకా కరగని అల్యూమినియానికి చలనమే ఉండదు. అంత ఓపిక లేకపోతే నలుసును గాజు మీద పెట్టి గోటితో నొక్కండి: బేరింగు పూత మెత్తగా రుద్దుకుపోతుంది, ఉక్కు గోటిని గుచ్చుతుంది.

ఇప్పుడు ఆకారం. డ్రెయిన్ బోల్ట్ అయస్కాంతానికి బూడిదరంగు మెత్తటి ముద్ద అంటుకుని ఉంటే, వేళ్ల మధ్య రుద్దితే కాటుకలా జారిపోతే, అది మామూలు అరుగుదల. కొత్త ఇంజన్‌లో మొదటి వెయ్యి కిలోమీటర్లలో కాస్త ఎక్కువే ఉంటుంది. వేళ్లకు గరుకు తగిలిందంటే లెక్క మారుతుంది. ఒకవైపు నున్నగా మెరుస్తూ, ఇంకోవైపు గరుకుగా ఉండే చదునైన ఉక్కు పెచ్చులు వాల్వులను తెరిచే క్యామ్ ముక్కుల మీదినుంచో, అవి నొక్కే ట్యాపెట్ల మీదినుంచో లేచినవి. అదే చోట పదేపదే ఒత్తిడి పడి లోహం అలసిపోయి పొరగా ఊడుతుంది. గుండుసూదిని ముక్కలుగా తెంపినట్టు నున్నటి కడ్డీలు కనిపిస్తే రోలర్ రాకర్ (వాల్వును నొక్కే మీట) లోని నీడిల్ బేరింగు విరిగింది, వాల్వ్ కవర్ తీస్తే ఏ రాకర్ వదులైందో చేతికే తెలుస్తుంది. ఉక్కు తునకలతోపాటు పసుపు లేదా గోధుమరంగు ప్లాస్టిక్ ముక్కలు వచ్చాయంటే టైమింగ్ చైన్ (క్రాంక్‌నుంచి క్యామ్‌ను తిప్పే గొలుసు) గైడ్లు పగిలాయి. గైడ్ పోయాక చైన్ వెళ్లి అల్యూమినియం కవర్‌ని ఒరుసుకుంటుంది కాబట్టి ఆ రజను కూడా కలుస్తుంది. ఆ ప్లాస్టిక్ ముక్కలు పంపు మూతిదగ్గరి జల్లెడను మూసేసి ఇంజన్‌ను ఆయిల్‌కు మాడ్చేస్తాయి. అందుకే గైడ్ ముక్క ఒక్కటి కనిపించినా చాంబర్ దించాల్సిందే.

అల్యూమినియం వచ్చిందంటే మొదటి అనుమానం పిస్టన్ మీద. సిలిండర్ గోడకు ఒరుసుకున్న పిస్టన్ పొడుగాటి, చిరిగినట్టుండే తునకలను వదులుతుంది. ఇలాంటి ఇంజన్‌లో చల్లగా ఉన్నప్పుడు టకటక శబ్దం ఎక్కువగా వినిపించి వేడెక్కాక తగ్గుతుంది, ఆయిల్ తాగడం కూడా మొదలవుతుంది. స్పార్క్ ప్లగ్ రంధ్రంలోంచి బోర్‌స్కోప్ (సన్నటి గొట్టం కెమెరా) దించి గోడ మీద నిలువు గీతలున్నాయేమో చూస్తే అనుమానం అక్కడికక్కడే తీరుతుంది. డీజిల్ అయితే గ్లో ప్లగ్ లేదా ఇంజెక్టర్ రంధ్రం. గోడలు శుభ్రంగా ఉంటే క్యామ్ షాఫ్ట్ కూర్చునే హెడ్ జర్నల్స్, ఆయిల్ పంపు గూడు, చైన్ కవర్ వరుసగా చూడాలి. ఇక్కడొక మెలిక ఉంది. ఇప్పటి కార్లలో చాలావాటికి అల్యూమినియం-తగరం బేరింగులు వస్తున్నాయి, వాటిలో రాగి పొరే ఉండదు. కాబట్టి కాస్టిక్ సోడాలో బుడగలు వచ్చినంత మాత్రాన బేరింగులు బాగున్నాయని సంబరపడటానికి వీల్లేదు. మీ ఇంజన్‌కు ఏ రకం బేరింగు వేశారో ముందు తెలుసుకోండి.

పాత పద్ధతి మూడు పొరల బేరింగు అయితే వెనక ఉక్కు, మధ్యలో రాగి కలిసిన పొర, పైన సీసం-తగరం పూత. ఆ పైపూత మందం సుమారు 20 మైక్రాన్లే, వెంట్రుక మందంలో మూడోవంతు కూడా ఉండదు. అందుకే మెత్తటి వెండి పెచ్చులు మాత్రమే వస్తున్నంతవరకు క్రాంక్‌ను కాపాడుకునే సమయం ఇంకా ఉంది. రాగిరంగు కనిపించిందంటే పూత దాటి రెండో పొర దాకా అరిగింది. రాగితోపాటు ఉక్కు కూడా పెరుగుతుంటే క్రాంక్ జర్నల్ (బేరింగులో తిరిగే నున్నటి భాగం) గీసుకుపోతోంది. రాగిరంగు పెచ్చులు కళ్లకు కనిపించాక ఇంజన్ స్టార్ట్ చేయవద్దు. ఇంటిదాకా మెల్లగా నడుపుకుంటూ పోతాననుకోవడం కూడా వద్దు, మోసుకుపోయే బండిని పిలవండి. రాగికి వేరే మూలాలూ ఉన్నాయి: టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపే భాగం) షాఫ్ట్ బుష్, పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ చిన్న తలలోని బుష్. టర్బో గాలిగొట్టం విప్పి షాఫ్ట్‌ను వేళ్లతో ముందుకూ వెనక్కూ లాగండి. పక్కలకు కొద్దిగా ఊగడం సహజం. ముందువెనకల కదలిక చేతికి తెలిసిందంటే, లేదా రెక్కలు గూడుకు తాకిన గుర్తులుంటే, టర్బో పని అయిపోయింది.

ఎంత ఉంటే ఎంత భయపడాలి? మొత్తం ఫిల్టర్‌కు మిల్లీమీటరు లోపు నలుసులు అయిదో ఆరో ఉంటే రాసిపెట్టుకుని, కొత్త ఫిల్టర్ వేసి 500 కిలోమీటర్లు తిప్పి మళ్లీ కోసి చూస్తే చాలని నా అభిప్రాయం. ప్రతి మడతలోనూ కనిపిస్తుంటే నడపకుండా పరీక్షలు మొదలుపెట్టాలి. చెంచాలో పావువంతు పోగయిందంటే ఇక పరీక్షల అవసరం కూడా లేదు, విప్పడమే.

ల్యాబు నివేదిక గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని నమ్మి ఇంజన్లు పోగొట్టుకునేవాళ్లున్నారు. స్పెక్ట్రోమీటర్ ఆయిల్‌ను మండించి లోహాలను పీపీఎంలో (పది లక్షల్లో ఎన్ని భాగాలు) లెక్కిస్తుంది. సుమారు 5 నుంచి 8 మైక్రాన్లు దాటిన నలుసులు సరిగ్గా ఆవిరి కావు కాబట్టి ఆ లెక్కలోకి రావు. మన కంటికి విడిగా కనిపించే నలుసు దాదాపు 40 మైక్రాన్లు ఉంటుంది. అంటే ఫిల్టర్ నిండా పెచ్చులున్నా నివేదికలో అంకెలన్నీ చక్కగానే ఉండవచ్చు. మెల్లగా సాగే అరుగుదలకు ఆ నివేదిక గొప్ప సాధనం, ఉన్నట్టుండి విరిగేదానికి అది కళ్లులేని సాక్షి. అందులో ఒక్కో అంకె కంటే జంటలు ఎక్కువ చెబుతాయి. సిలికాన్, అల్యూమినియం, ఇనుము కలిసి పెరిగితే ఎయిర్ ఫిల్టర్ దాటి దుమ్ము లోపలికి పోతోంది. ఈమధ్యే గాస్కెట్ పేస్టు వాడి ఉండి సిలికాన్ ఒక్కటే పెరిగితే అది ఆ పేస్టుదే. సోడియం లేదా పొటాషియంతోపాటు సీసం, రాగి పెరిగితే కూలెంట్ ఆయిల్లో కలిసి బేరింగులను తినేస్తోంది. కొత్త బండిలో మిగతావన్నీ కదలకుండా రాగి ఒక్కటే పెరిగితే చాలావరకు ఆయిల్ కూలర్ నుంచి కరిగి వచ్చేదే, కంగారు అక్కర్లేదు.

రాగి కనిపించకుండా, అనుమానం మాత్రమే మిగిలిన ఇంజన్‌కు విప్పకుండా చేసే పరీక్షలున్నాయి. ఆయిల్ ప్రెషర్ స్విచ్ విప్పి అక్కడ మెకానికల్ గేజ్ బిగించండి. డాష్‌బోర్డు లైటును నమ్మకండి, అది వెలిగేసరికి జరగాల్సింది జరిగిపోతుంది. పూర్తిగా వేడెక్కాక ప్రతి 1000 ఆర్‌పీఎంకు సుమారు 10 పీఎస్‌ఐ ఉండాలన్నది పాత లెక్క. ఒత్తిడిని తనకుతానే మార్చుకునే పంపులున్న కొత్త ఇంజన్లకు మాత్రం మాన్యువల్‌లో ఇచ్చిన అంకెనే చూడాలి. చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడెక్కాక ఐడిల్‌లో పడిపోతుంటే బేరింగుల సందు పెరిగింది.

శబ్దం ఉంటే ఏ సిలిండర్‌దో కనిపెట్టవచ్చు. 2000 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచి, ఒక్కో సిలిండర్ ఇంజెక్టర్‌ను స్కాన్ టూల్‌తో ఆపుతూ పోండి. స్పార్క్ ప్లగ్‌కు కరెంటు ఇచ్చే కాయిల్ పీకే పద్ధతి పెట్రోల్ ఇంజన్‌కు మంచిది కాదు, కాలని పెట్రోల్ క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోతుంది. ఏ సిలిండర్ ఆపినప్పుడు కొట్టుడు తగ్గిందో దాని బిగ్ ఎండ్ బేరింగు (కనెక్టింగ్ రాడ్ క్రాంక్‌కు తగులుకునే చోటిది) పోయింది. ఏది ఆపినా పెద్దగా మారని బరువైన చప్పుడు క్రాంక్‌ను బ్లాకులో మోసే మెయిన్ బేరింగుదై ఉండవచ్చు. మాన్యువల్ గేరు బండి అయితే ఇంకోటి తప్పక చూడాలి: ఇంజన్ ఆపి ఉంచి, ఒకరు క్లచ్ తొక్కి వదులుతుంటే ఇంకొకరు క్రాంక్ పుల్లీని గమనించాలి. పుల్లీ ముందుకు జరిగి వెనక్కి వస్తున్నట్టు కంటికి తెలిసిందంటే క్రాంక్ ముందువెనకలకు జరగకుండా ఆపే థ్రస్ట్ వాషర్లు అరిగాయి. డయల్ గేజ్ పెట్టి కొలిస్తే సాధారణంగా 0.3 మి.మీ. లోపే ఉండాలి. వాషర్ జారి చాంబర్‌లో పడిపోతే క్రాంక్ నేరుగా బ్లాకును కోస్తుంది. అప్పుడు బ్లాకే పోతుంది.

చాంబర్ దించాల్సి వస్తే మొదట పంపు జల్లెడను చూడండి, తుడవకముందే ఫొటో తీసుకోండి. తర్వాత ఒక్కో రాడ్ క్యాప్ విప్పి, ఏది ఎటువైపుదో గుర్తుపెట్టి, మళ్లీ అదే చోట బిగించేదాకా రెండోది ముట్టుకోకండి. కనెక్టింగ్ రాడ్‌లో పై చిప్పకు, మెయిన్‌లో కింది చిప్పకు బరువు ఎక్కువ పడుతుంది, కాబట్టి అరుగుదల ముందు అక్కడ కనిపిస్తుంది. అన్ని చిప్పలూ ఒకేలా మెరుగుపోసినట్టుంటే ఆయిల్ సరిపోలేదు. గీతలు, గుచ్చుకున్న నలుసులు ఉంటే మురికి ఆయిల్. ఒక్కటే పోయి మిగతావి బాగుంటే ఆ ఒక్కదానికి పోయే ఆయిల్ రంధ్రంలోనో, బిగింపులోనో తప్పుంది. సందు కొలవడానికి ప్లాస్టిగేజ్ (నలిగి కొలత చూపే ప్లాస్టిక్ దారం) చాలు, అది నలుగుతున్నంతసేపూ క్రాంక్ తిప్పకూడదు. జర్నల్ వ్యాసంలో వెయ్యోవంతు, అంటే 50 మి.మీ.కి 0.05 మి.మీ., మంచి గుర్తు. సాగే రకం రాడ్ బోల్టులు ఒకసారి విప్పాక మళ్లీ వాడకూడదు.

చిక్కటి ఆయిల్ పోసి శబ్దం మూయడం, ఫ్లషింగ్ ద్రవం పోసి ఇంజన్ ఆడించడం, ఈ రెండూ చేయవద్దు. ఫ్లషింగ్ ద్రవం ఆయిల్‌ను పలచన చేస్తుంది. అరిగిన బేరింగుకు కావాల్సిన పొరనే అది తీసేస్తుంది.

బాగుచేశాక అదే ఇంజన్ మళ్లీ కొద్ది రోజులకే పోవడానికి ఎక్కువగా కారణం ఆయిల్ కూలర్. దాని సన్నటి దారుల్లో ఇరుక్కున్న రజను ఎంత కడిగినా పూర్తిగా రాదు, వేడికీ ఒత్తిడికీ తర్వాత వదులుతుంది. బేరింగు పోయిన ఇంజన్‌కు కూలర్ మార్చాల్సిందే. బ్లాకులో గ్యాలరీ (ఆయిల్ పోయే దారి) ప్లగ్గులు విప్పి పొడవాటి బ్రష్‌తో కడగాలి, క్రాంక్ లోపలి రంధ్రాలనూ అలాగే. వీవీటీ (వాల్వులు తెరుచుకునే సమయాన్ని మార్చే ఏర్పాటు) వాల్వ్ జల్లెడలు, టర్బోకు పోయే ఆయిల్ గొట్టం, హైడ్రాలిక్ ట్యాపెట్లు విప్పి చూడాలి. ఫిల్టర్‌ను 50 కిలోమీటర్లకు ఒకసారి, 500కు మరోసారి మార్చి, రెండింటినీ కోసి పరచి చూడండి. మొదటిదాంట్లో కాస్త మిగులు కనిపించవచ్చు, రెండోదాంట్లో కాగితం శుభ్రంగా ఉండాలి.